చీకటి గది మూసేశాక

నరసాపురం
12 జూన్ 2024

ఏసమ్మ వదినగారికి,

మీ మరదలు తబిత వందనాలు. ఫోను చేస్తే మీ చెవి మిషను కూత పెడుతోంది. నేను గొంతు పెంచితే పక్కింటివాళ్ళు ఆడపడుచుతో పోట్లాడుతున్నాననుకుంటున్నారు. అందుకని మీరు చెప్పినట్టే ఉత్తరం రాస్తున్నాను. మందుల చీటీలు తప్ప తెలుగులో ఏదైనా రాసి చాలాకాలమైంది. తప్పులుంటే పంతులమ్మగారు మన్నించాలి.

మన క్లినిక్‌లో డిజిటల్ ఎక్స్‌రే పెట్టించాను వదినగారూ. మా పళ్ళ డాక్టర్లు దీన్ని ఆర్‌వీజీ అంటారు. ఇందులో ఫిల్ము ఉండదు. తపాలా బిళ్ళంత నల్లటి సెన్సారు, దానికి తోకలా ఒక వైరు. దాన్ని పంటి వెనక పెట్టి మీట నొక్కితే, చెయ్యి వెనక్కి తీసేలోపు బొమ్మ కంప్యూటరు తెర మీద ఉంటుంది. పన్నుని కొబ్బరికాయంత పెద్దది చేసి చూడొచ్చు. ఇదివరకు ఫిల్ము ట్యూబులైటుకి ఎత్తిపట్టి "ఇదిగో, ఈ నల్లమచ్చ" అంటే, జనం సరే సరే అని తలూపేవాళ్ళేగాని ఎవరికీ ఏమీ కనిపించేది కాదు. మొన్న రేవులో గోదారి దాటించే పంటు మీద టిక్కెట్లు కోసే పెదబాబు తన పంటివేరు కింద చీము సంచి చూసుకుని తెర మీదికి వంగాడు. "ఇన్నాళ్ళూ దీన్ని నోట్లో పెట్టుకుని గోదారి దాటుతున్నానా అండి" అని, ఫోనులో ఫోటో తీసుకుపోయాడు. ఇప్పుడు పంటు ఎక్కినవాళ్ళందరికీ అదే చూపిస్తున్నాడట.

ఇక చీకటి గది. ఇన్నేళ్ళూ మీ తమ్ముడు ఎర్రబల్బు కింద నిలబడి ఫిల్ములు కడిగిన గది. దానికి కిటికీ తెరిపించి, సున్నం వేయించి, కంప్యూటరు అక్కడే పెట్టాను. చూసి "బాగుంది" అన్నారు. అంతే.

నా దిగులంతా అదే. ఆయన పొద్దున్నే స్కూటరు వేసుకుని ఎటో వెళ్తున్నారు. అన్నం వేళకి వస్తారు. ఎక్కడికండీ అంటే "ఊరికే" అంటారు. కొన్నిరోజులు అన్నానికీ రావడం లేదు. నాకు చేతిలో పని మీద ధ్యాస నిలవడం లేదు. మీతో ఏమైనా అన్నారా?

మీ మోకాళ్ళు జాగ్రత్త.

తబిత

*

దానవాయిపేట, రాజమండ్రి
24 జూన్ 2024

చిరంజీవి తబితకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పులు దిద్దుకుంటూ, రెండోసారి సంగతి కోసం. తప్పులు తక్కువే. సంగతే నచ్చలేదు.

కొత్త మిషను వచ్చింది, సంతోషం. కానీ నువ్వు రాసినదాంట్లో మిషనుకి పేజీడు, మా తమ్ముడికి చివర నాలుగు ముక్కలు. వాడి గదికి కిటికీ తెరిపించే ముందు వాడినొక మాట అడిగావా? అడిగి ఉండవు. నువ్వు మంచిదానివే, కాదనను. కానీ నీకు ఒక పని తోచిందంటే మధ్యలో ఎవరున్నారో చూడవు. పెళ్ళయిన కొత్తలోనే ఈ మాట మా అమ్మతో అన్నాను.

మునిసిపల్ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వదిలేసి అబ్రహాం నీ క్లినిక్‌లో చేరిననాడు మా ఇంట్లో ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. నాన్నగారు అన్నం ముట్టలేదు. "పెళ్ళాం దగ్గర కాంపౌండరు" అని ఊళ్ళో అన్నారు. వాడు నవ్వేవాడు. "అక్కా, తెల్లగా ఉన్న ఫిల్ము మందులో వేస్తే పన్ను మెల్లగా పైకి తేలుతుంది, చేప తేలినట్టు. రోజూ చూసినా విసుగు పుట్టదు" అనేవాడు. అలాంటివాడి గదిలోకి ఎండ వచ్చేలా చేశావు.

మొన్న మంగళవారం ఇక్కడికొచ్చాడు. నువ్వేదో సామాను తెమ్మని పంపావన్నాడు. చేపల పులుసు చేశాను. ముళ్ళు ఏరుకుంటూ చాలాసేపు కూర్చుని, సగంలో లేచిపోయాడు. ఏంట్రా అంటే ఆకలి లేదన్నాడు. అక్క చేతి పులుసు వదిలేసి లేచిన తమ్ముడు కాడు వాడు. మనసు బాగా లేకపోతే తప్ప.

నా కట్టుడుపళ్ళు మళ్ళీ వదులయ్యాయి. ప్రార్థనలో పాట పాడుతుంటే కిందిది కదులుతోంది. వచ్చినప్పుడు చూద్దువుగాని.

వాడిని బాగా చూసుకో.

ఏసమ్మ

*

నరసాపురం
5 జులై 2024

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. నేను ఆయన్ని ఏ సామానుకీ రాజమండ్రి పంపలేదు. అసలు ఆయన రాజమండ్రి వచ్చిన సంగతే మీరు రాస్తే తెలిసింది. ఆరోజు నాతో భీమవరంలో పెళ్ళికి వెళ్తున్నానన్నారు.

మీరు రాసినదానికి జవాబు చెప్పుకోవాలి. ఆయన వేళ్ళు ఎప్పుడైనా చూశారా? ఫిల్ము కడిగే మందుల్లో నాని నాని గోళ్ళు గోధుమరంగుకి తిరిగిపోయాయి. చలికాలం వస్తే చర్మం పగిలి నెత్తురు వచ్చేది. తొడుగులు వేసుకోండంటే "పట్టు దొరకదు" అనేవారు. ఆ గదిలోంచి వచ్చాక దగ్గు. సురేంద్ర అని సాయంత్రాలు నా దగ్గరికొచ్చే కుర్ర డాక్టరు, "మేడమ్, మన కోసం కాకపోయినా సార్ కోసం డిజిటల్‌కి మారదామండి" అన్నాడు. అప్పుడు నిర్ణయించుకున్నాను. ఆ మాట మీ తమ్ముడితో చెప్పలేదు. చెబితే "నా కోసం వద్దు" అంటారని.

ఆయన్ని పక్కన పెడదామని కూడా నేను అనుకోలేదు. కంప్యూటరు దగ్గర ఆయన్నే కూర్చోబెట్టాను. పేషెంటు పేరు ఎంచి, మీట నొక్కడమే పని. మొదటివారం ఎలాగో జరిగింది. తరవాత ఒకరోజు, మొగల్తూరు నుంచి వచ్చిన వరహాలక్ష్మిగారి పేరు మీద పెదబాబు బొమ్మ ఎక్కించారు. జాబితాలో ఒకరి కింద ఒకరి పేరుంది. నేను తెర చూసి, ఆవిడ కుడి దవడకి మత్తు ఇచ్చేశాను. "నొప్పి ఎడమవైపండి" అని ఆవిడ నెమ్మదిగా అంది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే మంచి పన్ను తొలిచేసేదాన్ని.

బయట బెంచీ నిండా జనం. నేను గదిలోకి వెళ్ళి, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారండీ" అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ విన్నారు.

ఆయన లేచి, కుర్చీ సర్ది బయటికి వెళ్ళారు. అప్పటినుంచి ఆ కుర్చీలో కూర్చోలేదు. మర్నాడు తప్పయిందండీ అన్నాను. "పరవాలేదు తబితా, నిజమే కదా" అన్నారు. ఆ 'నిజమే' ఏంటో నాకు అర్థం కాలేదు.

మొన్న ఆదివారం గుడిలో కానుకల పళ్ళెం పట్టుకుని వస్తూ బెంచీ తగిలి తూలారు. చిల్లర నేలంతా దొర్లింది. పాస్టరుగారు అదోలా చూశారు.

మళ్ళీ వస్తే నాకు తెలియజెయ్యండి. ఆయన ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియనట్టుంది.

తబిత

*

రాజమండ్రి
29 జులై 2024

తబితకు,

ఇక్కడ గోదావరి ఎర్రబడి నిండుగా పోతోంది. మీకక్కడ పంటు ఆపేశారని పేపర్లో చూశాను.

అబ్రహాం నిన్న వచ్చి వెళ్ళాడు. పోయిన ఉత్తరంలో నీ మీద కొంచెం కటువుగా రాశాను. అది అలా ఉండనీ. నిన్న వాడొక సంగతి చెప్పాడు. చెప్పేముందు నా చేత బైబిలు మీద చెయ్యి వేయించాడు. అందుకని అదేంటో నీకు రాయలేను. రాయకుండా ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఒక్కమాట మాత్రం చెబుతాను. వాడిని స్కూటరు నడపనివ్వకు. పొద్దు వాలాక అసలే వద్దు. ఎందుకని నన్నడక్కు. వాడిని అసలే అడక్కు, సిగ్గుపడి చచ్చిపోతాడు. ఏదో ఒకటి చెప్పి తాళం నీ దగ్గర పెట్టుకో. పెట్రోలు లేదను, బ్రేకు పాడైందను, నీ ఇష్టం.

కోప్పడకు. మంచి మాటతో చూడు. అది వాడి తప్పు కాదు. మన కుటుంబాల్లో కొందరికి వస్తుంది.

ఏసమ్మ

*

నరసాపురం
8 ఆగస్టు 2024

వదినగారికి,

మీరు దాచి రాసినా నాకు అర్థమైంది. కుటుంబాల్లో కొందరికి వస్తుందన్నారు. మీ కుటుంబం సంగతి తెలియదుగాని మా కుటుంబంలో ఉంది. మా నాన్నగారు హెడ్‌మాస్టరయ్యుండి కూడా ఇలాగే మొదలుపెట్టారు. చెప్పకుండా వెళ్ళడం, ఏదో ఒక ఊరి పేరు చెప్పడం, గుమ్మం తగిలి తూలడం, "ఊరికే" అనడం. మా అమ్మ చివరిదాకా అందరితో ఆయనకి నీరసం అనే చెప్పింది. ఆ నీరసం చూస్తూ పెరిగినదాన్ని నేను. మీ ఉత్తరం చదవగానే గుడిలో పడ్డ చిల్లర, పెదబాబు బొమ్మ, సగంలో వదిలేసిన మీ పులుసు, అన్నీ ఒకచోటికి చేరాయి.

మీరు అడగొద్దన్నారు. నేను అడిగేశాను. మా అమ్మలా నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాదు.

ఈరోజు మధ్యాహ్నం క్లినిక్‌లో ఎవరూ లేరు. వాన పట్టి ఉంది. ఆయన తాళం కోసం తడుముకుంటున్నారు. అది ఎదురుగా మేకుకే వేలాడుతోంది. "మీరు తాగుతున్నారా?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? మీ అక్కగారే స్కూటరు ఇవ్వొద్దని రాశారు."

"అక్క చెప్పేసిందా?"

"చెప్పారు."

చాలాసేపు నా ముఖం వైపే చూశారు. నా ముఖం వైపు అంటున్నానుగాని, నా చెవి దాటి గోడ మీద ఏదో చూస్తున్నట్టుంది. "అంతా తెలిసి నువ్వు దానికి పెట్టిన పేరు ఇదా తబితా" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. తాళం నేను తీసుకునేలోపు ఆయనకే దొరికింది. మొగల్తూరు రోడ్డు వైపు వెళ్ళారు.

ఇప్పుడు సాయంత్రమైంది. పేషెంట్లని సురేంద్ర చూస్తున్నాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. స్కూటరు చప్పుడు వినిపిస్తే లేస్తున్నాను, అవి వేరేవాళ్ళవి. నేనన్నది నిజమే అయితే ఎందుకింత భయంగా ఉందో తెలియడం లేదు. పోస్టు డబ్బా తీసేవేళయింది. ఇది వేసి వస్తాను.

తబిత

*

రాజమండ్రి
13 ఆగస్టు 2024

తబితా,

శుక్రవారం మీ సురేంద్ర ఫోను చేశాడు. నాకు "సార్", "పడిపోయారు" తప్ప వినపడలేదు. కింద వాటావిడ ఫోను తీసుకుని విని, కాగితం మీద రాసి చూపించింది. ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కుని గుద్దుకున్నాడు, దవడ విరిగింది, ప్రాణానికి భయం లేదు. ఆ మూడోమాట చదివేదాకా నేను మనిషిని కాను.

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక ఒట్టూ లేదు, ఏమీ లేదు. దేవుడు నాకు ఎలా తీర్పు తీర్చినా సరే.

వాడు తాగలేదు. వాడికి కళ్ళు కనపడటం లేదు.

నీటికాసులు, ఇంగ్లీషులో గ్లకోమా, అన్నారట ఇక్కడి కంటాసుపత్రిలో. కుడికన్ను దాదాపు పోయింది. ఎడమకన్నులో కొంత మిగిలింది. నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు, మెల్లమెల్లగా అంచుల నుంచి చీకటి వస్తుందట. పోయింది మళ్ళీ రాదు, ఉన్నది చుక్కలమందుతో నిలుపుకోవాలన్నారు. మా మేనత్త ఒకావిడ ఇలాగే గోడ పట్టుకుని నడిచేది. కుటుంబంలో వస్తుందని నేను రాసింది ఆవిణ్ణి తలుచుకుని.

వాడికి ఎప్పుడు తెలిసిందో తెలుసా? నీ కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు. చీకటి గదిలో వాడికి కళ్ళతో పనేముంది? తొట్టె ఎక్కడుందో, క్లిప్పు ఎక్కడుందో చేతులకి తెలుసు. చూపు తగ్గిన సంగతి ఆ గదిలో వాడికే తెలియలేదు. తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి కలిసిపోతుంటే మొదట మిషనుదే లోపమనుకున్నాడట. తరవాత వరహాలక్ష్మిగారి సంగతి జరిగింది, నువ్వు ఆ మాటన్నావు. "అక్కా, తబిత సరిగ్గా అడిగింది. నా దగ్గరే జవాబు లేదు" అన్నాడు. ఇక్కడికి వచ్చింది ఆసుపత్రికే. ప్రతిసారీ కంటి పరీక్షలే.

నీకెందుకు చెప్పొద్దన్నాడంటే, చెబితే నువ్వు ఆ మిషను వెనక్కి ఇచ్చేసి మళ్ళీ ఫిల్ములు తెస్తావని భయం. "ఆ బొమ్మ చూసి జనం ఎంత సంతోషపడుతున్నారో తెలుసా అక్కా, నా కోసం అది ఆగిపోకూడదు" అన్నాడు.

నువ్వు వాడి కోసం మిషను తెచ్చి చెప్పలేదు. వాడు నీ మిషను కోసం కళ్ళ సంగతి చెప్పలేదు. మధ్యలో నేను సగం చెప్పి వాడిని ట్రక్కు కిందికి తోశాను.

నాకు రావాలని ఉంది. నువ్వు రమ్మంటేనే వస్తాను.

ఏసమ్మ

*

నరసాపురం
2 సెప్టెంబరు 2024

వదినగారికి,

మిమ్మల్ని రమ్మని రాయలేదు. ఎందుకంటే మీ మీద కోపంగా ఉంది. పెద్దవారు, ఇలా రాయకూడదు. కానీ రాయకుండా దాచుకున్నవాటితోనే ఇంతదాకా వచ్చాం.

ఒక్క మాట చాలు కదండీ. "కళ్ళు" అని రాస్తే సరిపోయేది. మీ ఒట్టు నిలబెట్టుకోవడానికి నాకు సగం సంగతి ఇచ్చారు. మిగతా సగం నేను మా నాన్నగారి నుంచి తెచ్చి అతికించాను. అది నా తప్పు, మీ నెత్తిన వెయ్యను. అయినా కోపం పోవడం లేదు.

ఆరోజు సంగతి మీకు చెప్పాలి. ఉత్తరం పోస్టులో వేసి వచ్చేసరికి క్లినిక్ ముందు ఆటో ఉంది. మొగల్తూరు రోడ్డులో కొబ్బరికాయలు దింపుతున్న ట్రాక్టరు ట్రక్కు, కుడిపక్కనుంచి సగం రోడ్డు మీదికి వచ్చేలా ఆపి ఉందట. దాని మూల ఆయన ముఖానికి తగిలింది. అక్కడివాళ్ళకి పళ్ళ డాక్టరమ్మ భర్త అని తెలుసు. నోటినుంచి రక్తం కారుతుంటే తిన్నగా నా దగ్గరికే తెచ్చారు.

తలకి దెబ్బ లేదని సురేంద్ర చూశాడు. అంబులెన్సు వచ్చేలోపు నేనే సెన్సారు తీసుకున్నాను. కింది దవడ చేత్తో పట్టుకుంటే రెండు ముక్కలు విడివిడిగా కదిలాయి. సెన్సారు పెట్టాను. మీట నొక్కాను. నొక్కీనొక్కగానే తెర మీద పడింది, ఎడమ కోరపన్ను పక్కనుంచి కిందిదాకా నల్లటి గీత.

ఈ మిషను నాకు ఎంతో నచ్చింది వేగం చూసే వదినగారూ. ఆరోజు ఆ వేగాన్ని తట్టుకోలేకపోయాను. ఫిల్ము అయితే కడిగేలోపు మనిషి కాస్త కుదుటపడుతుంది. తలుపు బయట నిలబడి దేవుణ్ణి ఒకమాట అడుక్కోవచ్చు. ఇది ఆ వ్యవధి ఇవ్వదు. మీట నొక్కిన వేలు ఇంకా మీట మీదే ఉంది, నా భర్త దవడ విరిగి నా ఎదురుగా ఉంది. ఆయన ఆ తెర వైపే తల తిప్పి ఉన్నారు. ఏం కనిపిస్తోందని అడగబోయి ఆగాను. అప్పటికి నాకు కళ్ళ సంగతి తెలియదు. తూలుడుకి నేననుకున్న కారణమే మనసులో ఉంది. దగ్గరికి వంగి వాసన చూశాను. విరిగిన దవడ చేత్తో పట్టుకుని వాసన చూశాను వదినగారూ. రక్తం వాసన తప్ప ఏమీ లేదు.

భీమవరంలో దవడ ఎముకల సర్జన్ చేతిలో పెట్టాం. చిన్న సెన్సారుకి అందనిది అక్కడ దవడ మొత్తం తీసే పెద్ద మిషనులో కనిపించింది. కుడిచెవి దగ్గర ఇంకో విరుపు. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగలతో కట్టేశారు. నోరు తెరవడానికి లేదు. పాలు, పప్పుకట్టు, రాగిజావ, అన్నీ గొట్టంతోనే.

మీ ఉత్తరం ఆసుపత్రిలో చదివాను. చదివి ఆయన దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు కుర్చీలో కూర్చుని, "మీ కళ్ళ సంగతి తెలిసింది" అన్నాను. ఆయన మాట్లాడలేరు. పలకా బలపం అందుకోబోతే నేనే వద్దన్నాను. ఆరోజు మాట్లాడాల్సింది నేను. మిషను ఎందుకు తెచ్చానో చెప్పాను. ఆయన వేళ్ళ గురించి చెప్పాను. మా నాన్నగారి గురించి, పెళ్ళయి ఇన్నేళ్ళయినా చెప్పనివి చెప్పాను. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడిచాను. ఏడవకండి, ముక్కు బిగిస్తే ఊపిరాడదు అని డాక్టరులాగే అన్నాను.

చుక్కలమందు రెండు పూటలా నేనే వేస్తున్నాను.

ఇంకొంచెం రోజులాగి రండి. నా కోపం కాస్త తగ్గనివ్వండి.

తబిత

*

రాజమండ్రి
10 సెప్టెంబరు 2024

తబితా,

నీ కోపం నాకు సమ్మతమే. బడిలో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను, సగం జవాబుకి మార్కులుండవని. నేనే సగం జవాబు రాశాను.

వాడు ఒట్టు వేయించినప్పుడు నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది. పెళ్ళాంతో చెప్పని మాట అక్కతో చెప్పాడని. అది నిజం. ఈ వయసులో ఆ పాడు సంతోషం నాకెందుకో.

కిటికీ గురించి రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. మీరిద్దరూ ఒకరికోసం ఒకరు చేసుకుంటూ ఒకరికొకరు చెప్పుకోని మనుషులు. పక్కనుంచి చూసే నాలాంటివాళ్ళకి అది వేరేలా కనిపిస్తుంది.

ఆసుపత్రివాళ్ళు అక్టోబరులో వాడిని మళ్ళీ చూపించమన్నారు. వాడు ఒక్కడూ రాకూడదు. నువ్వు తోడు రా. నా దగ్గర భోజనం చెయ్యండి. మెత్తగా, ముళ్ళు లేనిది చేస్తాను. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు, ఎలాగూ నాకు వినపడదు.

ఏసమ్మ

*

నరసాపురం
20 అక్టోబరు 2024

వదినగారికి,

మీ ఇంట్లో భోజనం చేసి వచ్చి వారమైంది. అక్కడ ముగ్గురమూ ఉప్పు సరిపోయిందా, రైలు వేళకి ఉందా అని తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. మీరు ఆయన పళ్ళెంలో చేపముక్క వేళ్ళతో చిదిమి పెడుతుంటే నాకు మీ మీద కోపం ఎక్కడుందో వెతికినా దొరకలేదు. ఆ మాట పైకి అనాలంటే అరవాలి. కింద వాటావిడ వింటారు. అందుకే రాస్తున్నాను.

ఆసుపత్రిలో జరిగింది మీకు పూర్తిగా చెప్పలేదు. అక్కడి డాక్టరుగారు ఆయన కంటిలోపలి నరాన్ని తెర మీద పెద్దది చేసి చూపించారు. రోజూ నేను చేసే పనే. "చూశారా మేడమ్, ఇక్కడ పాలిపోయింది" అన్నారు. సరే సరే అని తలూపాను. నాకేమీ కనిపించలేదు. ఎర్రటి గుండ్రం, మధ్యలో పసుపు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు నా ఫిల్ముకి ఎలా తలూపేవాళ్ళో, నేనూ అలాగే ఊపాను. ఇక ఆగలేక, "నాకు తెలియలేదండి, మళ్ళీ చెప్పండి" అన్నాను. ఆయన విసుక్కోకుండా చూపు పరీక్ష కాగితం తీశారు. కుడికంటిది నల్లగా ఉంది. ఎడమకంటిది అంచులు నలుపు, మధ్యలో అరచేయంత తెలుపు. "మీ వారు చూస్తున్న లోకం ఈ తెలుపులోనే ఉంది. ఇది తగ్గకుండా చూసుకుంటే చాలు" అన్నారు. జూన్ నుంచి ఇప్పటికి ఏమీ తగ్గలేదట. అది మంచి కబురు.

తీగలు తీసేశాక మీ తమ్ముడు మొదట అడిగింది క్లినిక్ గురించే. కంప్యూటరు సురేంద్ర చూసుకుంటున్నాడు. మీ తమ్ముడు ఇప్పుడు పేషెంటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. సెన్సారు ఫిల్ములా వంగదు, గట్టిగా, మందంగా ఉంటుంది. నోట్లో పెట్టగానే చాలామందికి వాంతి వచ్చినట్టవుతుంది. పిల్లలైతే నోరే తెరవరు. ఆయన వాళ్ళ చెయ్యి పట్టుకుని, "నా దవడ రెండుచోట్ల విరిగిందిరా, ఇదిగో తడిమి చూడు" అంటారు. వాళ్ళు ఆ వింతలో పడి నోరు తెరుస్తారు. ఆయనకి ఇది నచ్చినట్టే ఉంది. ఒక్కోసారి మాత్రం పని మధ్యలో లేచి, వరండా చివరిదాకా వెళ్ళి, ఊరికే నిలబడి వస్తారు. నేను ఎక్కడికండీ అని అడగను. అడక్కుండా ఉండటం నాకింకా రాలేదు, నేర్చుకుంటున్నాను. స్కూటరు సురేంద్రకి ఇచ్చేశాం. ఇచ్చిననాడు మాత్రం ఆయన అన్నం తినలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు స్టేషనులో దిగి ఇంటికి నడిచే వస్తున్నాం. దీపాలు పెట్టే వేళ. లేసు బజారు దగ్గర రద్దీగా ఉంది. డాక్టరుగారి కాగితం నా మనసులో ఉంది కదా, ఆయన ఎడమవైపుకి మారాను. అటైతే నేను కనిపిస్తాను, ధైర్యంగా ఉంటుందని. కొంచెం దూరం అలా నడిచాం. ఆయన ఆగి, నా భుజం పట్టుకుని, నెమ్మదిగా తన వెనకనుంచి కుడివైపుకి తిప్పారు.

"ఎడమవైపు నాకు కొంచెం కనిపిస్తుంది తబితా. అటు నేను చూసుకుంటాను" అన్నారు. "నువ్వు ఇటు ఉండు. కనపడని వైపు."

ఆయన కుడివైపున నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

మీరు వచ్చే ఆదివారం తప్పకుండా రండి. కట్టుడుపళ్ళు చూస్తాను. బండి దిగి అక్కడే నిలబడండి, మేమిద్దరమూ వస్తాం.

మీ
తబిత